నారింజ చెట్ల ముంగిలి నుంచి పీనోస్ వంతెన దాకా

మార్చి 27, గురువారం రాత్రి, గ్రనడా, స్పెయిన్.

కోర్డోబాలోని పెద్ద మసీదును, ఇప్పుడది కేథడ్రల్, ఉదయం ఎనిమిదిన్నర నుంచి గంటసేపు టికెట్ లేకుండా చూడనిస్తారని మేం దిగిన ఇంటావిడ నిన్న చెప్పింది. అందుకని ఈ రోజు ఎనిమిదింబావుకే ఇద్దరం దాని ముంగిట్లో ఉన్నాం. అక్కడ వరసలు వరసలుగా నారింజ చెట్లున్నాయి. చలికాలపు కాయలు కొమ్మల చివర ఇంకా కొన్ని మిగిలి ఉండగానే కొత్త పూత మొదలైంది. రాలిన ఆకు ఒకటి తీసి నలిపి వాసన చూస్తే, వేసవిలో అమ్మ మజ్జిగలో వేసే దబ్బాకు గుర్తుకొచ్చి, కాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఆ చోటిని స్పానిష్‌లో ‘పాతియో దె లోస్ నరాన్హోస్’ అంటారు, అంటే నారింజ చెట్ల ముంగిలి. వాళ్ళ ‘నరాన్హ’, మన ‘నారింజ’ ఒకటే మాట. సంస్కృతంలో ‘నారంగ’గా ఉన్నది పారశీకంలో ‘నారంగ్’ అయి, అరబ్బీలో ‘నారంజ్’ అయి, అరబ్బులతో పాటు ఈ నేలకు చేరింది. సంస్కృతానికి ఆ మాట ద్రావిడ భాషల నుంచే వెళ్ళిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కనుక ఈ వ్యుత్పత్తిని ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాశాను. ఆ మాట నడిచి వచ్చిన దారి ఈ కొసన, ఆ చెట్టు కిందే నిలబడి, దాన్ని పైకి పలకడం మాత్రం ఇదే మొదటిసారి. ఇక్కడివి పులుపు, చేదు కలిసిన నారింజలే; తియ్యనివి ఐరోపాకు ఆ తరవాత ఎన్నో వందల ఏళ్ళకు గాని రాలేదు.

నేను పైకి చూస్తూ ఉంటే ఆయన వంగి నేలను చూస్తున్నారు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి నీటి జాడ ముందు కనబడుతుంది, చెట్టు తరవాత కనబడుతుంది. “ఇలా రా, ఇది చూడు. ప్రతి చెట్టుకూ పాదు కట్టి, పాదుకూ పాదుకూ మధ్య రాతి పిల్లకాలువ వేశారు. ఒకచోట అడ్డం తీస్తే వరస మొత్తం తడుస్తుంది” అన్నారు. ఇలాంటి కాలువను ఇక్కడ ‘అసేకియా’ అంటారనీ, అదీ అరబ్బీ మాటేననీ చెప్పాను. ఆయన ఆ మాటను రెండుసార్లు మెల్లగా అనుకుని, తన చిన్న పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు.

లోపలికి అడుగుపెట్టాక ఇద్దరికీ మాట రాలేదు. 850కి పైగా స్తంభాలు, వాటి మీద ఎర్ర ఇటుక, లేతరంగు రాయి ఒకదాని పక్కన ఒకటిగా పేర్చిన కమానులు, ఎటు తిరిగినా చివర కనబడని వరసలు. కోర్డోబాను ఏలిన ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అర్-రహ్మాన్ 8వ శతాబ్దం చివర్లో ఈ కట్టడాన్ని ఆరంభించినప్పుడు కొత్త స్తంభాలు చెక్కించలేదు. పాత రోమన్ కట్టడాల నుంచీ, వాళ్ళ తరవాత ఇక్కడ ఏలిన విసిగోతుల కట్టడాల నుంచీ తెచ్చినవి నిలబెట్టాడు. అవి ఒక ఎత్తువి కావు, ఒక రాయివీ కావు. పొడుగువాటిని నేలలోకి దించారు, పొట్టివాటికి అడుగున పీట వేశారు. అయినా అంత పెద్ద చావడికి కావలసిన ఎత్తు ఆ స్తంభాలతో రాదు కనుక కమాను మీద మరో కమాను లేపి కప్పును పైకెత్తారు. ఈనాడు ప్రపంచమంతా బొమ్మల్లో చూసి మురిసిపోయే ఆ జంట కమానులు అలా పుట్టాయి. ఉన్నదానితో సరిపెట్టుకోవలసి వచ్చిన తాపీమేస్త్రీల ఆలోచన అది. అందుకే నాకు బంగారు మొజాయిక్ పొదిగిన మిహ్రాబ్ కన్నా, అంటే ప్రార్థన దిశను చూపే గూడు కన్నా, ఆ స్తంభాల పాదాల దగ్గరే ఎక్కువసేపు నిలవాలనిపించింది. ఒక్కొక్క పాదం ఒక్కొక్క తీరుగా ఉంది.

నడుమ మాత్రం ఆ స్తంభాల అడవిని చీల్చి ఒక పెద్ద చర్చి లేచి ఉంది. 1236లో నగరం క్రైస్తవ రాజుల వశమయ్యాక దాదాపు మూడు వందల ఏళ్ళు మసీదు రూపాన్ని పెద్దగా మార్చకుండానే అందులో ప్రార్థనలు జరిగాయి. 1523లో బిషప్ మధ్య భాగాన్ని పడగొట్టి కొత్త కట్టడం ఎత్తబోతే నగర పాలక మండలి గట్టిగా ఎదిరించింది, అయిదవ చార్లెస్ చక్రవర్తి మాత్రం అనుమతి ఇచ్చాడు. ఆ ఊరి పెద్దలు తమది కాని మతం కట్టిన గోడల కోసం తమ బిషప్‌నే ఎదిరించారన్న సంగతి నా మనసును కదిలించింది. ఆ చర్చి కూడా అందమైనదే, కాదనను. కాని అందులో నిలబడ్డప్పుడు నా చూపు పక్కనున్న ఎర్రచారల కమానుల వైపే పోయింది. తొమ్మిదిన్నరకు ప్రార్థన మొదలవుతుందని అందరినీ బయటికి పంపారు.

ఊరు దాటక ముందే పెట్రోల్ బంకులో ఆగాం. ఇక్కడ ‘గసోలియో’ అంటే డీజిల్, ‘గసొలీనా’ అంటే పెట్రోల్. మలాగాలో కారు తీసుకున్న రోజే ఆయన ఈ సంగతి కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించారు. ఈ నాలుగు రోజుల్లో కుడివైపు నడపడం ఆయనకు అలవాటైంది. రౌండబౌట్ దగ్గర మాత్రం ఇప్పటికీ మాటలాపేస్తారు, నేనూ ఆపేస్తాను.

కోర్డోబా నుంచి గ్రనడా దాకా ఎన్-432 రోడ్డు మీద 160 కిలోమీటర్లు ఉంటుంది. ఎస్పేహో, కాస్త్రో దెల్ రియో, బాయేనా, అల్కౌదేతే, అల్కలా లా రెయాల్: గుట్ట మీద కోట, కోట కింద తెల్లటి ఇళ్ళు, ఆ కింద ఆలివ్ తోటలు. మిగిలిన దారంతా ఆలివ్ చెట్లే. అల్కౌదేతే నుంచి మొదలయ్యే హయేన్ ప్రాంతం ఒక్కదానిలోనే ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. ఎర్రమట్టి కొండల మీద దువ్వెనతో దువ్వినట్టు వరసలు తీరి కొండ అవతలికి దిగిపోతుంటాయి. మొదటి గంట చూసిన కొద్దీ బాగుంది. తరవాత, ఇంత నేల మీద ఒకే పంట ఉంటే వాన తప్పిన ఏడాది ఈ ఊళ్ళు ఏం తింటాయోనన్న బెంగ పట్టుకుంది. మిరప రైతు ఇంట పుట్టినదాన్ని, ఒకే పంట మీద ఆశ పెట్టుకున్న ఏడాదుల సంగతి నాకు తెలుసు.

బాయేనాలో పాత నూనె మిల్లును మ్యూజియంగా ఉంచారు. నూనె మిల్లును ఇక్కడ ‘అల్మాసారా’ అంటారు. ఆ మాటకు అరబ్బీ మూలం ‘పిండే చోటు’ అని. శంకువు ఆకారంలో ఉన్న పెద్ద రాళ్ళు తిరిగి కాయను గింజతో సహా నలుపుతాయి. ఆ ముద్దను గడ్డితో అల్లిన గుండ్రటి చాపల మీద పరిచి, చాప మీద చాప పేర్చి, పైనుంచి బరువుతో అదిమితే నూనె, నీరు కలిసి కారతాయి; తేరిన నూనెను పైనుంచి తీసుకుంటారు. “మన గానుగలో నలపడం, పిండడం రెండూ ఒకే రోటిలో అవుతాయి. వీళ్ళు రెండు పనులనూ విడదీశారు” అని ఆయన ఆ రాళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగారు. లీటరు నూనెకు అటూ ఇటూగా అయిదు కిలోల కాయలు కావాలి. పక్కనే దుకాణంలో చిన్న గ్లాసుతో రుచి చూపించారు. మొదట పచ్చిగడ్డి వాసన, తరవాత చేదు, మింగాక గొంతులో సన్నగా ఘాటు. ఆయనకు దగ్గు వచ్చింది. అలా దగ్గు వస్తేనే తాజా నూనె అని అమ్మే అబ్బాయి చేతులతో చెప్పాడు. అర లీటరు సీసా ఒకటి కొన్నాం.

భోజనం దగ్గర ఇబ్బంది అయింది. నేను శాకాహారిని. మాంసం వద్దని వచ్చీరాని స్పానిష్‌లో చెప్పాను. వచ్చిన సల్మోరేహో మీద, అంటే టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి మెత్తగా రుబ్బిన చల్లటి చిక్కని వంటకం మీద, పంది మాంసపు తునకలు చల్లి ఉన్నాయి. ఇక్కడ ‘కార్నె’ (మాంసం) వద్దంటే ‘హమోన్’ (ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ మాంసం) వద్దని చెప్పినట్టు కాదట. వడ్డించే పెద్దాయన నా ముఖం చూసి, ఏమీ అడగకుండానే తీసుకెళ్ళి వేరే గిన్నె తెచ్చాడు, దానితో పాటు చక్రాలుగా కోసి వేయించి చెరుకు పాకం పోసిన వంకాయలు కూడా పెట్టాడు. ఆ మర్యాదకు కళ్ళు చెమర్చాయి. ‘సిన్ హమోన్’, హమోన్ లేకుండా, అని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.

అల్కలా లా రెయాల్‌లో లా మోతా కోట ఎక్కాం. 1341 నుంచి గ్రనడా లొంగిపోయిన 1492 దాకా నూట యాభై ఏళ్ళు ఇది క్రైస్తవ, ముస్లిం రాజ్యాల మధ్య సరిహద్దు. పైన ఉన్న పాత చర్చి నేలను తవ్వి సమాధుల గోతులను తెరిచే ఉంచారు, చాలా చిన్నవి కూడా ఉన్నాయి. అక్కడ నేను ఎక్కువసేపు ఉండలేకపోయాను. బయటికి వచ్చి గాలికి నిలబడితే దూరాన సియెర్రా నెవాదా కొండల మంచు కనబడింది.

సాయంత్రం అయిదు దాటాక పీనోస్ పుయెంతె చేరాం. ఈ ఊళ్ళో ఆగాలని అనుకున్నది నేనే, ఇంటి దగ్గర బయల్దేరక ముందే. కుబీయాస్ అనే చిన్న ఏటి మీద లాడం ఆకారపు కమానులతో ఒక పాత వంతెన ఉంది. దాని మీద బురుజులాంటి గది, ఆ గది కింద నుంచే దారి. 1492లో గ్రనడా లొంగిపోయిన కొన్ని రోజులకు, రాణి ఇసబెల్లా తన సముద్రయాత్రకు సాయం చెయ్యనన్నదని నిరాశతో వెళ్ళిపోతున్న కొలంబస్‌ను రాణి పంపిన దూత ఈ వంతెన దగ్గరే అందుకుని వెనక్కి తీసుకెళ్ళాడని చెబుతారు. ఏప్రిల్ 17న పక్కనే ఉన్న శాంతా ఫేలో ఒప్పందం జరిగింది, ఆగస్టులో ఓడలు బయల్దేరాయి. కొలంబస్ వెతకబోయింది మిరియాలు దొరికే దేశాలను. కరీబియన్ దీవుల్లో ఆయనకు కనబడింది మిరపకాయ. 1493లో అది స్పెయిన్ చేరింది, తరవాత పోర్చుగీసు ఓడల్లో మన పడమటి తీరానికి వచ్చింది. అప్పటిదాకా మన వంటింట్లో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం.

స్పానిష్ వాళ్ళు మిరియాన్ని ‘పిమియెంతా’ అంటారు. కొత్తగా వచ్చిన కాయకు ఆ పేరునే కొద్దిగా మార్చి ‘పిమియెంతో’ అన్నారు. మనమూ అదే చేశాం, మిరియపు కాయ అన్నాం, అది మిరపకాయ అయింది. ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా రెండు జాతులు ఒకే కాయకు ఒకే తీరుగా పేరు పెట్టుకున్నాయని ఆ వంతెన పిట్టగోడ మీద చెయ్యి ఆనించి ఆయనకు చెబుతుంటే నా గొంతు వణికింది. ఈ రోజుల్లోనే మా పుట్టింట కల్లంలో కాయ ఎండుతూ ఉంటుంది. గుంటూరు యార్డుకు లారీలు బారులు తీరి ఉంటాయి. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని, తుమ్ముతూ తాలుకాయ ఏరిస్తూ ఉండేవాడు. నా చదువు, చెల్లెలి పెళ్ళి, ఇంటి పైకప్పు అన్నీ ఆ ఎర్రకాయ మీదే నడిచాయి. అదే సమయంలో, ఆ ఓడలు చేరిన దీవుల్లోని మనుషులకు ఏం జరిగిందో కూడా తెలిసినదాన్ని కనుక ఆ వంతెనను ఊరికే మెచ్చుకుని ఊరుకోలేకపోయాను. ఆ దూత ఆలస్యమై ఉంటే ఎంతమంది బతికేవారోనన్న మాట పైకే అన్నాను. ఆయన చాలాసేపు నీళ్ళనే చూసి, “ఏరు చిన్నదే. దాటడానికి పెద్దగా పట్టదు” అన్నారు.

గ్రనడా పాత పేటల్లోకి బయటి కార్లను రానివ్వరు కనుక ఊరి అంచున కారు పెట్టి సామాను లాక్కుంటూ వచ్చాం. అల్బైసీన్ అనే పాత పేట మెట్లు ఎక్కి, ఎదుటి కొండ మీద ముస్లిం రాజుల కోట అల్హంబ్రా సాయంత్రపు వెలుగులో ఎర్రబడటం కాసేపు చూశాం. దానికి రేపు ఎటూ వెళ్తాం.

గదిలో పొయ్యి, గిన్నెలు ఉన్నాయి. మూలనున్న దుకాణంలో బియ్యం దొరికాయి, గుండ్రటి పొట్టి గింజ. గంజి వార్చి అన్నం వండాను. పెట్టెలోంచి ఇంటి కారప్పొడి సీసా తీశాను. నెయ్యి లేదు. ఆయన బాయేనా సీసా మూత తీసి, నా వైపు ఒకసారి చూసి, నా కంచంలో ముందు పోశారు, తరవాత తన కంచంలో పోసుకున్నారు. కలిపిన మొదటి ముద్దకు నూనె ఘాటు, కారం ఘాటు రెండూ వేరు వేరుగా తెలిశాయి, రెండో ముద్దకు తెలియలేదు. మూడోసారి అన్నం అడిగి పెట్టించుకున్నారు. “కారప్పొడి రేపటికి సరిపోతుందా?” అని అడిగి, సరిపోతుందంటే సీసా బిగించి పెట్టెలో పెట్టి, పాస్‌పోర్టులు రెండూ దాని పక్కనే ఉంచి పడుకున్నారు.