వైరు లేని పనిముట్లతో ఇంటి పనులు: ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా

ఏప్రిల్

బడ్జెట్ ఏడు వేలు. అందులో ఒక కార్డ్‌లెస్ డ్రిల్లు, దానికి తగిలించి రంధ్రాలు వేసే బిట్లు, కళ్లకు అద్దాలు రావాలి. ఈ ఏడాది చేయాలనుకున్న పనులు మూడు: కిటికీలకు కర్టెన్ రాడ్లు, దోమతెరల ఫ్రేములు, దసరాకు అమ్మ పెట్టే బొమ్మల కొలువుకు మెట్లు. తిరుపతిలో పద్మావతిపురం వైపు మా ఇల్లు. పని చేసుకునే చోటు మిద్దె మీదే. అక్కడ ప్లగ్ పాయింట్ లేదు కాబట్టి వైరు లేనివే కావాలి.

షాపులో పెట్టెల మీద వోల్టుల అంకెలు చూస్తే ఎవరికైనా తికమకే. 12, 18, 20, 21, ఆ పైన 48, 88 కూడా. దీని లెక్క తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. ఒక్కో లిథియం సెల్ మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జ్ అయినప్పుడు 4.2. ఐదు సెల్స్ వరసగా కలిపితే 18, నిండా ఉన్నప్పుడు 21. అంటే 18, 20, 21 అని మూడు రకాలుగా రాసినా లోపల ఉండేది ఐదు సెల్సే. మూడు సెల్స్ కలిపితే 10.8, దాన్నే 12 అని అమ్ముతారు. నిజంగా 48 వోల్టులు రావాలంటే పదమూడు పద్నాలుగు సెల్స్ వరసగా ఉండాలి. పిడికెడు బ్యాటరీలో అవి పట్టవు. అనుమానం వస్తే ఛార్జర్ వెనక స్టిక్కర్ చూడండి. ఔట్‌పుట్ 21 వోల్టులని ఉంటే అది ఐదు సెల్స్ బ్యాటరీయే, పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే.

రెండో అంకె ఆంపియర్ అవర్. వోల్టులను దీంతో గుణిస్తే వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి, వస్తాయి. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 36 వాట్ అవర్లు. ఈ అంకెలో కూడా మోసం ఉంటుంది, దాన్ని తూకంతో పట్టుకోవచ్చు. డ్రిల్లు బ్యాటరీల్లో ఎక్కువగా వాడే 18650 సెల్ ఒక్కోటి 45 నుంచి 50 గ్రాములు ఉంటుంది. అవే సెల్స్‌తో 4 ఆంపియర్ అవర్ రావాలంటే ఐదేసి చొప్పున రెండు వరసలు, మొత్తం పది సెల్స్ కావాలి. కాబట్టి డబ్బా కాకుండానే అర కిలో దగ్గరికి రావాలి. వంటింటి తూకం మీద మొత్తం బ్యాటరీ మూడొందల యాభై గ్రాములే తూగితే అందులో ఉన్నవి ఐదు సెల్సే. నేను బ్యాటరీని పక్కనే ఉన్న కిరాణా కొట్టుకు తీసుకెళ్లి తూకం వేయించాకే డబ్బులిచ్చాను. షాపాయన ఏమీ అనుకోలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేటప్పుడు ఎవరూ అడగనిది ఇంకొకటుంది. ఈ బ్యాటరీ విడిగా దొరుకుతుందా? ఇదే బ్యాటరీతో నడిచే జిగ్‌సా (చెక్క కోసే మిషను), గ్రైండర్ ఆ కంపెనీకి ఉన్నాయా? డ్రిల్లు మోటారు ఏళ్ల తరబడి ఉంటుంది, ముందు పోయేది బ్యాటరీ. అది విడిగా దొరక్కపోతే మంచి మోటారును కూడా పాత ఇనుముకు వేసుకోవాల్సిందే. ఒకే కంపెనీ అయితే చాలనుకోవడానికీ లేదు. బాష్‌లో నీలం రంగు 18 వోల్టుల బ్యాటరీ ఆకుపచ్చ రంగు 18 వోల్టుల టూల్‌కు ఎక్కదు. షాపులోనే తగిలించి చూసుకోవాలి. నేను తక్కువ ధర కంపెనీల్లో ఒకదాని 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లు, రెండు 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలున్న కిట్టు తీసుకున్నాను. బ్రష్‌లెస్ మోటారుకు ఇంకో రెండు వేలకు పైగా పెట్టాలి. అది బ్యాటరీని పొదుపుగా వాడుతుంది, కార్బన్ బ్రష్‌లు మార్చే పని ఉండదు. రోజూ పనికి వెళ్లే మేస్త్రీ అయితే అదే కొనాలి. వారానికోసారి వాడే ఇంటికి బ్రష్ మోటారు చాలు.

మే

డ్రిల్లు చూసి కువైట్ నుంచి వచ్చిన మామ, "కొత్త బ్యాటరీ కదా అల్లుడా, పూర్తిగా దించేసి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టు" అన్నాడు. ఆయన దగ్గరున్న పాత డ్రిల్లు నికెల్ కాడ్మియం బ్యాటరీది. దానికి ఆ మాట సరిపోతుంది. లిథియంకు పూర్తిగా దించడమే చెరుపు. పట్టు తగ్గిందనిపించగానే తీసి ఛార్జింగ్ పెట్టేయాలి.

మన ఊళ్లో లిథియంకు అసలు శత్రువు ఎండ. మేలో నలభై డిగ్రీలు దాటడం మనకు మామూలే. మాన్యువల్స్‌లో ఎక్కువగా ఛార్జింగ్‌కు 0 నుంచి 45 డిగ్రీల హద్దు ఇస్తారు. మిద్దె మీద పనిచేసి వచ్చిన బ్యాటరీ వెంటనే ఛార్జర్ ఎక్కకూడదు. ఫ్యాను కింద అరగంట పెట్టి, చేత్తో తాకితే వేడి తెలియనప్పుడే పెడతాను. పై అంతస్తు అటక మీద, బండి డిక్కీలో అసలు ఉంచను. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే బీరువా కింది అరలో పెట్టాలి.

జూన్

కర్టెన్ రాడ్లు. ఇక్కడే కార్డ్‌లెస్ డ్రిల్లు బలం ఎంతో తేలిపోతుంది. ఇటుక గోడలో 6 మి.మీ. రంధ్రం నిమిషం లోపు పడుతుంది. కిటికీ పైన ఉండేది ఇటుక కాదు, లింటల్ అనే కాంక్రీటు దూలం. అది కిటికీ అంచుతో ఆగదు, రెండు వైపులా అరడుగు దాకా గోడలోకి వెళ్లి కూర్చుంటుంది. సరిగ్గా బ్రాకెట్ పెట్టాలనుకునే చోటే అది ఉంటుంది.

ఇంపాక్ట్ డ్రిల్లు లోపల రెండు పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకలాడతాయి. మనం వెనక నుంచి ఎంత నొక్కితే దెబ్బ అంతే. రోటరీ హామర్ లోపల పిస్టన్ గాలిని నొక్కి దెబ్బ కొడుతుంది, మన బలంతో పని లేదు. కాంక్రీటులో ఈ తేడా చాలా పెద్దది. మా వీధి ఆచారి ఒక్క మాటలో చెప్పాడు: "లింటల్ తగిలినాక ఇది చాలదు సామీ, హామర్ తెచ్చుకోవల్ల." ఇంటికి ఆ నాలుగు రంధ్రాల కోసం హామర్ కొనడం దండగ, ఒక పూటకు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. రెండో దారి బ్రాకెట్‌ను లింటల్ దాటి పైకి జరపడం. లింటల్ మందం సాధారణంగా ఆరంగుళాలు ఉంటుంది. సజ్జ లేని గోడ వైపు కిటికీ పై అంచు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో పెడితే మళ్లీ ఇటుకే వస్తుంది. కర్టెన్ కొంచెం పొడుగు కొనాలి, గది ఎత్తుగా కూడా కనబడుతుంది. మా ఇంట్లో హాలు కిటికీలకు ఇలాగే చేశాను, అద్దె హామర్ పడకగదికి మాత్రమే తెచ్చాను.

బిట్టు కీచుమని అరిచి ముందుకు పోకపోతే కడ్డీ తగిలిందని గుర్తు. బలవంతం చేయకుండా అంగుళం పక్కకు జరగాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన ఎక్కడా రంధ్రం వేయకండి, గోడ లోపల వైర్ల పైపు అటే వెళ్తుంది. టైల్ ఉన్నచోట గ్లేజు దాటేదాకా ఇంపాక్ట్ ఆపేసి మెల్లగా తిప్పాలి. గోడ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు, మాస్కు లేకుండా చేయొద్దు. చేతికి గ్లౌజులు మాత్రం వద్దు, బిట్టును పట్టి తిరిగే చక్‌లో చిక్కుకుంటాయి.

జూలై

దోమతెరల ఫ్రేములు. ఇది తేలిక పని. మా కిటికీలు పాత టేకువి. ముందు 2.5 మి.మీ. పైలట్ రంధ్రం, అంటే మరకు దారి చూపే సన్న రంధ్రం, వేసి, మరకు కొంచెం సబ్బు రాసి బిగిస్తే చెక్క పగలదు, మర తల అరగదు. చక్ వెనక బిగింపు బలాన్ని మార్చే అంకెల రింగును చిన్న అంకె నుంచి మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. రసమట్టం తప్పనిసరి.

ఆగస్టు

అదే బ్యాటరీకి జిగ్‌సా కొన్నాను, ఛార్జర్ లేకుండా ఒట్టి మిషను. ఏప్రిల్‌లో బ్యాటరీ గురించి అంత పట్టుపట్టింది ఇందుకే, ధర చాలా తగ్గింది. టీ ఆకారం మెడ ఉన్న బ్లేడ్లు కొనుక్కుంటే ఏ కంపెనీవైనా పట్టేస్తాయి. మామూలు బ్లేడు పైకి వచ్చేటప్పుడు కోస్తుంది కాబట్టి పైముఖం చీలికలు వస్తాయి. మంచి ముఖం కిందికి పెట్టి కోయాలి.

గ్రైండర్ కూడా కార్డ్‌లెస్ తీసుకోమని షాపులో చెప్పారు. వద్దన్నాను. గ్రైండర్ 400 వాట్లు లాగిందనుకుంటే 36 వాట్ అవర్ల బ్యాటరీ ఐదారు నిమిషాలకు మించి రాదు. ఆగకుండా తిరిగే పనులకు, అంటే గ్రైండర్, మార్బుల్ కట్టర్, శాండర్‌లకు వైరున్నదే మేలు. ధర కూడా తక్కువ. కొంచెం కొంచెంగా, ఎక్కడపడితే అక్కడ చేసే పనికే బ్యాటరీ.

సెప్టెంబర్

కొలువు మెట్లు. దీనికోసమే ఇదంతా మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ ట్రంకు పెట్టెలు, స్టీలు స్టూళ్ల మీద పలకలు పరిచేవాళ్లం. అమ్మ అడిగింది ఒకటే: "మెట్టు మీద చెయ్యేస్తే కదలకూడదు నాయనా, పైన కలశం ఉండాది."

కొలువుకు బేసి సంఖ్యలో మెట్లుండాలి, మాకు ఐదు. ఒకే ఒక్క 8×4 అడుగుల ప్లైవుడ్ షీటులో ఐదూ వచ్చేలా లెక్క కట్టాను, ఇది ఎవరికైనా పనికొస్తుంది. మందం 18 మి.మీ. ఇంట్లో వాడకానికి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 303 రకం చాలు, నీళ్లు తగిలే చోటుకైతే 710. షీటును నిలువునా తొమ్మిదంగుళాల పట్టీలుగా ఐదు కోయించాలి. ఎనిమిదడుగుల నిడివిని జిగ్‌సాతో తిన్నగా కోయడం కష్టం, ప్లైవుడ్ అమ్మిన చోటే మిషను మీద కోయించుకున్నాను. షీటు ముప్పై కిలోల పైనే ఉంటుంది, పట్టీలైతే ఆటోలో తెచ్చుకోవచ్చు.

ప్రతి మెట్టూ ఒక బల్ల. పైన నాలుగడుగుల పలక ఒకటి, రెండు పక్కల నిలువు కాళ్లు. కాళ్ల ఎత్తు వరసగా 8, 16, 24, 32, 40 అంగుళాలు. కోత ఇలా:

మొదటి రెండు పట్టీలు: ఒక్కోదాంట్లో 48, 48.
మూడోది: 48, 40, 8.
నాలుగోది: 40, 32, 24.
ఐదోది: 32, 24, 16, 16, 8.

ప్రతి పట్టీ 96 అంగుళాలకు సరిగ్గా సరిపోతుంది. బ్లేడు తినే మందం కోసం ముక్కలన్నిటినీ పావు అంగుళం చొప్పున తగ్గించాను. షీటులో పక్కన మిగిలే దాదాపు మూడంగుళాల పట్టీ పారేయకండి. దాన్ని రెండు ముక్కలు చేసి, ఎక్కువ ఎత్తున్న రెండు బల్లల వెనక అడ్డపట్టీలుగా బిగిస్తే ఊగడం ఆగుతుంది.

అడ్డకోతలు అన్నీ తొమ్మిదంగుళాలవే కాబట్టి జిగ్‌సాకు సులువు. మూలమట్టంతో గీత గీసి, ఒక తిన్నని చెక్కను క్లాంపుతో బిగించి దాని వెంబడి నడిపాను. ఒక బ్యాటరీతో కోతలన్నీ అయిపోయాయి, రెండోది డ్రిల్లులో ఉంచాను. పలకను కాళ్ల మీదికి 50 మి.మీ. మరలతో పై నుంచి బిగించాలి. ప్లైవుడ్ అంచులోకి మర నేరుగా దిగితే పొరలు విచ్చుకుంటాయి, పైలట్ రంధ్రం మానొద్దు. ఫెవికాల్ కూడా రాశాను. పక్కపక్క బల్లల కాళ్లు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి లోపలి వైపు ఇనప పట్టీ పెట్టి, 6 మి.మీ. బోల్టులు, రెక్కల నట్లతో కలిపాను. విప్పడానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

నవరాత్రుల్లో తెల్ల పంచె పరిచి, పై మెట్టున కలశం, దాని పక్కన ఎర్రచందనం మరపాచి బొమ్మల జంట, కింద మెట్ల మీద మట్టి బొమ్మలు. తొమ్మిది రోజులూ పిల్లలు ఆనుకున్నా కదల్లేదు. అమ్మ రోజుకోసారి చెయ్యేసి చూసేది. పండగయ్యాక విప్పి, పదహారు అంగుళాల బల్లను చెప్పుల దగ్గర, ముప్పై రెండుది వంటింట్లో వాడుతున్నాం. నలభైది తులసి పక్కన పూలకుండీలకు. లోతు తొమ్మిదంగుళాలే కాబట్టి దాన్ని మాత్రం ఎల్ క్లాంపుతో గోడకు బిగించాను.

నవంబర్

వానలు మొదలయ్యాయి, పెరటి వాకిలి తలుపు ఉబ్బి గడియ పడటం లేదు. ఇప్పుడే చిత్రిక పడితే వేసవిలో చెక్క ఆరాక పెద్ద సందు మిగులుతుంది. అందుకని తొందరపడటం లేదు, ప్రస్తుతానికి గడియ పట్టే కొక్కెం రెండు మి.మీ. కిందికి జరిపాను. తలుపు పై అంచు, కింది అంచు చూస్తే రంగు పడనే లేదు, తేమ అటు నుంచే తాగుతోంది. ఫిబ్రవరిలో తలుపు ఆరాక మడతబందులు విప్పి దించి, ఆ రెండు అంచులకూ వార్నిష్ రెండు కోట్లు వేస్తాను. ఆ పాత మరలు తుప్పు పట్టి ఉన్నాయి. డ్రిల్లును రివర్స్‌లో పెట్టి, తక్కువ స్పీడు గేరులో, ముందు రోజే నూనె చుక్క వేసి తీయాలి. కొత్తవి స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చిపెట్టాను.