కథాకాలమా, రచనాకాలమా?

గుంటూరులో మా చదువరుల బృందం ఈ ఏడాది ఒక రీడింగ్ చాలెంజ్ పెట్టుకుంది. శాతవాహనుల నుంచి స్వాతంత్ర్యోద్యమం దాకా తెలుగు నేల చరిత్రను యుగాలుగా విడదీసుకుని, ఒక్కో యుగానికి కనీసం ఒక పుస్తకం చదివి, నెలవారీ సమావేశంలో దాని గురించి మాట్లాడాలన్నది నియమం. నియమం చిన్నదే కానీ, దాని వెంటే ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. పుస్తకాన్ని ఏ యుగం కింద లెక్కించాలి? కథ జరిగిన కాలం కిందనా, రాసిన కాలం కిందనా?

పల్నాటి వీరచరిత్ర దగ్గర ఈ ప్రశ్నను దాటవేయడం సాధ్యం కాలేదు. కారంపూడి యుద్ధం 12వ శతాబ్దిది. ఆ కథను ద్విపదలో చెప్పాడని ప్రసిద్ధి పొందిన శ్రీనాథుడు రెండు శతాబ్దాలకు పైగా గడిచాక కొండవీటి రెడ్ల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్నవాడు. కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చదువుతున్నప్పుడు మన ముందున్నది యుద్ధకాలపు పల్నాడా, లేక తరతరాల గాయకుల నోట రూపు దిద్దుకున్న పల్నాడా? కార్తీకంలో వీరుల ఉత్సవాలు నేటికీ జరుగుతున్నాయి కనుక ఈ కథకు ఒకే కాలాన్ని అంటగట్టరాదని కొందరు మిత్రులు వాదించారు. ఆ వాదనలో బలముంది. అయినా నేను దానిని రెడ్డిరాజుల యుగం కిందనే ఉంచాను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక యుగం గురించి తరువాతివారు రాసిన నవల చదివితే, దాని పక్కన ఆ యుగంలోనే పుట్టిన రాత ఏదైనా, అది చిన్న శాసనమే అయినా సరే, తప్పక చదవాలి. కాకతీయుల కోసం రేపల్లెలో న్యాయవాదిగా ఉంటూ చారిత్రక నవలలు రాసిన నోరి నరసింహశాస్త్రి గారి ‘రుద్రమదేవి’ని తీసుకున్నాను. దాని తరువాత రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో సముద్రపు రేవైన మోటుపల్లిలో వేయించిన శాసనం చదివాను. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోననీ ఆ రాజు వర్తకులకు అభయమిచ్చి, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు వంటి సరుకులను పేరుపేరునా చెప్పి సుంకం నిర్ణయించాడు. నవలలో కోటలూ కుట్రలూ కళ్లకు కట్టాయి. శాసనంలో ఆ రాజ్యానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో తెలిసింది. రెండూ కావలసినవే.

శాతవాహన యుగానికి హాలుడు కూర్చిన ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిని ఎంచుకున్నాను, కాలక్రమంలో చేరిన గాథలు కూడా అందులో ఉన్నాయని పండితులు చెబుతారు. దాని పక్కన అమరావతి స్తూపం దాతల శాసనాలను పెట్టుకున్నాను. విధికుడనే చర్మకారుడు పూర్ణకుంభం చెక్కిన రాతిపలకను సమర్పించాడని అక్కడ రాసి ఉంది. ఒక సామాన్యుడి పేరు అంత స్పష్టంగా కనబడడం నన్ను గాఢంగా కదిలించింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం నేను గడిపింది ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’తో. బెజవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణంలో నా ప్రతి దొరికింది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలను ఒక భాష నుంచి మరో భాషలోకి చెప్పేవాడిగా, పనిచేసిన ఆయన 1830 మేలో పరివారంతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పుతీరం వెంట 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, బసకు చోటెక్కడ ఉంది అనే సంగతులను ఓపికగా రాసిపెట్టారు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె 1838లో దానిని అచ్చు వేయించేనాటికి ఆయన లేరు. కంపెనీ పాలన నాటి దేశాన్ని, ఆ దేశంలోనే నడుస్తూ, ముందు ఏం జరగబోతోందో తెలియకుండా చూసిన చూపు అది. ఏ చారిత్రక నవలకూ ఆ తెలియకపోవడం సాధ్యం కాదు.

నిజంగానే ముందున్నది దారుణం. ఆయన తిరిగివచ్చిన మరుసటి ఏడాదే, 1832–33లో, నందన కరువు గుంటూరు జిల్లాను తుడిచిపెట్టింది. ఐదు లక్షల జనాభాలో సుమారు లక్షన్నర మంది మరణించారన్నది అంచనా. కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట పూర్తి కావడం వెనుక ఆ కరువు జ్ఞాపకం కూడా ఉంది. అంతటి విపత్తును కళ్లారా చూసిన తెలుగువారు రాసిన పుస్తకం ఒక్కటి కూడా మా జాబితాలో లేదు. రాజులకూ యుద్ధాలకూ పుస్తకాలు వరుసగా దొరికిన జాబితాలో, మా సొంత జిల్లా ఆకలికి మాత్రం చోటు ఖాళీగా మిగిలింది. అందుకే ఆ నెల పుస్తకానికి బదులు కరువు మీద వచ్చిన చరిత్ర వ్యాసాలను తెచ్చి చదువుకుందామని ప్రతిపాదించాను, అందరూ ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది జాతీయోద్యమ యుగం. దానికి ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ తప్ప మరో పేరు నా మనసులోకి రాలేదు. మన జిల్లావాడు, జైలులో కూర్చుని, 1922లో తన చుట్టూ జరుగుతున్న దానినే రాసిన నవల అది. ప్రభుత్వం దానిని నిషేధించింది. కథాకాలమూ రచనాకాలమూ అక్కడ ఒకటే కనుక ఏ యుగం కింద ఉంచాలన్న వాదన ఈసారి ఉండదు. సమావేశంలో కూలిరేట్ల ప్రస్తావన వచ్చే భాగాలను బిగ్గరగా చదవాలని అనుకుంటున్నాను.