డైరీలో నా సంతకం

నిరుడు వర్షాకాలంలో ఒక రాత్రి, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్కూల్ డైరీ తిరగేస్తూ, పదకొండు రోజులుగా నా సంతకాన్ని తనే పెట్టుకుంటున్నదని గమనించాను. నిజం చెప్పాలంటే, ఆఫీసు కాగితాల మీద నేను గీకేదాని కన్నా అది శుభ్రంగా ఉంది. అడిగితే, "నువ్వు లాప్‌టాప్ ముందు ఉన్నావు కదమ్మా" అన్నది. కోప్పడడానికి నాకు నోరు రాలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం వెళ్ళే దారిలో, అమీర్‌పేటలో రైలు మారే మెట్ల మీద ఆ నెలలో రెండుసార్లు కారణం తెలియకుండానే ఏడ్చాను. నిద్రపట్టని ఒక రాత్రి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేశాను. ధ్యానం చేయమనో, తెల్లవారుజామున లేవమనో చెబుతారనుకున్నాను (నాలుగున్నరకు లేస్తూనే ఉన్నాను). ఫోన్ ఎత్తినామె మాత్రం వారంపాటు చేసిన ప్రతి పనినీ, నిద్రపోయిన గంటలనూ రాసిపెట్టమన్నది.

ఆ జాబితా కరెంటు బిల్లు వెనకాల పట్టలేదు. ఉద్యోగం మానేస్తే అన్నీ సర్దుకుంటాయని చుట్టాలు అంటూనే ఉన్నారు గాని, వారం మొత్తంలో అలసట తెలియని సమయాలు రెండే కనిపించాయి: ఆడిట్ లెక్క తేలిన ఒక మధ్యాహ్నం, అమ్మాయికి జడ వేసిన పది నిమిషాలు. మిగిలినవాటిలో అత్తయ్యగారి బీపీ మాత్రలు, టిఫిన్ డబ్బాలు మా ఆయన వంతుకు వెళ్ళాయి. మొదటి వారంలో మూడుసార్లు ఉప్మా మాడింది. వంటింట్లోకి వెళ్ళకుండా ఊరుకోవడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. దోసెల పిండి బయట కొనడం అత్తయ్యగారికి ఇప్పటికీ నచ్చలేదు.

యాభై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చుననీ ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. మా ఆఫీసులో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అడగడమంటే దయ కోరడమనుకుని నేనూ ఎత్తలేదు. మా ఏడాదిన్నర బాబు కోసం హెచ్‌ఆర్‌కు లేఖ రాస్తే, రెండు నెలలు తిప్పి, పక్కవీధిలోని కేంద్రంతో ఒప్పందం చేసుకున్నారు. వాడిప్పుడు నాతోపాటే మెట్రోలో, ఆడవాళ్ళ వైపు ఎవరో ఒకరి ఒడిలో ప్రయాణిస్తున్నాడు.

జడ వేసే పది నిమిషాలూ ఫోన్ ఫ్రిజ్ మీద ఉంటుంది. డైరీ సంతకం కూడా అప్పుడే. మొన్న నా సంతకం చూసి, "కొంచెం గుండ్రంగా పెట్టమ్మా" అని అమ్మాయి దిద్దింది.