బాత్రూం రెనోవేషన్: ముందు కమోడ్, తర్వాతే సుత్తి (నా అనుభవం)

హైదరాబాద్‌లో పాతికేళ్లు దాటిన అపార్ట్‌మెంట్, పై అంతస్తు, 5×8 అడుగుల బాత్రూం, బోరు నీళ్లు. మొత్తం ఊడదీయించి కొత్తగా చేయించాను. ఇలాంటి పనిలో గోడ మీద సుత్తి పడకముందే కమోడ్, గీజర్, షవర్ డైవర్టర్ (నీళ్లను షవర్‌కో, కుళాయికో మళ్లించే, గోడలో దాగే వాల్వు) మోడళ్లు ఖాయమైపోవాలి. పైపు ఎక్కడ తేలాలో ఆ వస్తువు డ్రాయింగ్ చూసే చెప్పాలి, ప్లంబర్ అలవాటును బట్టి కాదు.

కమోడ్‌కి ముందు చూసింది పాత లైను నేలలోకి పోతుందా, గోడలోకా అని. నేలలోకైతే ఎస్-ట్రాప్, గోడలోకైతే పి-ట్రాప్. మాది ఎస్. గోడ నుంచి పైపు నడిమికి ఉండే దూరం చాలా మోడళ్లలో 220 లేదా 300 మి.మీ. ఆ కొలత టైల్ అంటించాక ఉండే గోడ నుంచి తీసుకోవాలి, ప్లాస్టరింగ్ నుంచి కాదు. పాత టైల్ మీదే కొత్తది అంటిస్తే జిగురుతో కలిపి గోడ దాదాపు 12 మి.మీ. ముందుకొస్తుంది. 220 కాస్తా 208 అయి ట్యాంకు గోడకు తగులుతుంది, నేల లేచి తలుపు కింద పట్టేస్తుంది. అందుకే దుమ్మైనా సరేనని పాతవి కొట్టించాను.

మిగతా సామాన్లన్నీ నీళ్లను బట్టే ఎంచాను. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం (నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఉప్పు) లీటరుకు 200 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మా బోరు ఆ 600 కూడా దాటింది. ఈ నీళ్లకు నలుపు మ్యాట్ కుళాయిలు దండగ, ప్రతి చుక్కా తెల్ల మచ్చగా మిగులుతుంది. క్రోమ్ పూత ఇత్తడివే తీసుకున్నాను. షవర్‌కి రబ్బరు రంధ్రాలున్నది కావాలి, పేరుకున్న ఉప్పు వేలితో రుద్దితే రాలిపోతుంది. పెద్ద రెయిన్ షవర్ మీద మోజుంటే డబ్బా మీద కనీస ఒత్తిడి ఎంతో చదవండి. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ (ఒత్తిడి కొలత) వస్తుంది. ట్యాంకు మన నెత్తికి 3 మీటర్లే పైన ఉంటే 0.3 బార్, అంటే వాన కాదు, ముసురు.

గీజర్ విషయంలో లెక్క వేసుకోవాలి. 2 కిలోవాట్లది 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవడానికి సుమారు 16 నిమిషాలు పడుతుంది, 25 లీటర్లయితే 26. బకెట్ స్నానాలకు 15 చాలు. వేడి పెరిగేకొద్దీ ఉప్పు త్వరగా గడ్డకడుతుంది కాబట్టి థర్మోస్టాట్ 55 దాటనివ్వను. ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ తానే కరుగుతూ పోతుంది, మార్చాలి. నిలువు గీజర్‌లో ఆ కడ్డీ, నీళ్లు కాచే ఎలిమెంటూ కిందినుంచే బయటికొస్తాయి. కింద ఖాళీ వదలకుండా ఫాల్స్ సీలింగ్ కడితే సర్వీసు రోజున సీలింగే కోయాలి. ఈ గీజర్ 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. 2.5 చ.మి.మీ. రాగి తీగ మోస్తుంది కానీ 4 వేయించి, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) పెట్టించాను. ఉప్పు పట్టి ఎలిమెంట్ చిట్లితే కరెంటు నీళ్లలోకి దిగుతుంది, ఆర్‌సీసీబీని అనవసర ఖర్చు అనేవాళ్ల మాట వినొద్దు.

వేడినీళ్లకు వేడి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపులే. మామూలు తెల్ల యూపీవీసీ వేడికి మెత్తబడి కీళ్ల దగ్గర వదులుతుంది. దేని జిగురు దానికే వాడాలి. డైవర్టర్ మీది ప్లాస్టిక్ మూతపై కనిష్ఠ, గరిష్ఠ లోతు గీతలుంటాయి. టైల్ పైతలం ఆ రెంటి మధ్యకు రావాలి. డైవర్టర్ మరీ లోపలికి పోతే పైన ప్లేటు కూర్చోదు. గోడలో పైపుల గాడి పూడ్చకముందే లైన్లకు మూతలు బిగించి, పంపుతో ఒత్తిడి ఎక్కించి రాత్రంతా వదిలేయాలి.

వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా. మూలలు ముందే సిమెంటుతో గుండ్రంగా తిప్పించాలి, పగులు వచ్చేది అక్కడే. ఆరాక 48 గంటలు నీళ్లు కట్టి, కింది ఫ్లాట్ సీలింగ్ చూసి రావాలి.

గోడ టైళ్ల లెక్క: చుట్టుకొలత 26 అడుగులు, ఎత్తు 7, కలిపి 182 చదరపు అడుగులు. తలుపు 17.5 తీసేస్తే 164.5, తరుగుకు 10 శాతం కలిపితే 181. ఒక 300×600 మి.మీ. టైల్ 1.94 చదరపు అడుగులు, అంటే 94 టైళ్లు. 5 టైళ్ల పెట్టెలు 19. అన్ని పెట్టెల మీదా బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా అని లారీ దిగేటప్పుడే చూడాలి, తెరిచిన పెట్టె షాపువాడు వెనక్కి తీసుకోడు. నేలకు 0.5 శాతం లోపే నీరు పీల్చే, జారని విట్రిఫైడ్. ఇవి నీరు పీల్చవు కాబట్టి వట్టి సిమెంటు పాలకు పట్టుకోవు, టైల్ జిగురే కావాలి. పళ్లున్న తాపీతో టైల్ వెనకంతా పరవాలి. జిగురు ఐదు ముద్దలు పెట్టి అంటిస్తే మధ్యలో డొల్ల మిగిలి, బకెట్ పడినప్పుడు అక్కడే పగులుతుంది. నేల వాటం 100కి 1 ఉంటే చాలు. గ్రౌట్ (టైళ్ల సందుల్లో నింపే పూత) పెట్టకముందే ఒక చెంబు నీళ్లు పోసి అవి జాలీ వైపే పోతున్నాయో లేదో చూడండి, తేడా ఉంటే టైల్ లేపడానికి ఆ పూటే వీలు.