క్యూ ప్యాలెస్‌లో ఒక పూట

మే మొదటి వారంలో ఒక పొద్దున, నేనూ మా అక్కా లండన్‌లో డిస్ట్రిక్ట్ లైన్ రైలెక్కి క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగాం. క్యూ గార్డెన్స్ అనే పెద్ద మొక్కల తోట విక్టోరియా గేటు దాటగానే జనమంతా గాజు మేడ పామ్ హౌస్ వైపు నడిచారు. నేను మాత్రం అక్కను ఉత్తరం వైపు, థేమ్స్ నదికి దగ్గరగా ఉన్న క్యూ ప్యాలెస్‌కు తీసుకెళ్లాను. తోట టికెట్టుతోనే దీన్నీ చూడొచ్చు. చలికాలంలో మూసేస్తారు, వెళ్లేవాళ్లు ముందే కనుక్కోవాలి.

"ఇదేనా రాజుగారి ఇల్లు?" అంది అక్క. మూడంతస్తుల ఎర్ర ఇల్లు, డచ్చి ఇళ్లకుండే వంపుల పైగోడలు. బ్రిటన్ రాజభవనాల్లో ఇదే అన్నిటికంటే చిన్నది. కట్టించింది కూడా రాజు కాదు, శామ్యూల్ ఫోర్ట్రీ అనే వర్తకుడు. గుమ్మం పైన ఇటుకలో చెక్కిన 1631, భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. వందేళ్ల తర్వాత రాణి కరోలిన్ తన కూతుళ్ల కోసం దీన్ని అద్దెకు తీసుకుంది.

ముందున్న పచ్చికలో ఒక నీడ గడియారం ఉంది. చాలామంది దాని పక్క నుంచే వెళ్లిపోతారు. ఒకప్పుడు అక్కడ వైట్ హౌస్ అనే పెద్ద భవనం ఉండేది. 1725లో ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ బ్రాడ్లీ నక్షత్రాలను గమనించింది ఆ చోటే. 1788 చివర్లో మతి చలించిన మూడో జార్జి రాజును తీసుకొచ్చి ఉంచిందీ అక్కడే. అల్లరి చేస్తే చేతులు కదలకుండా బిగించే చొక్కా తొడిగేవారు. 1802లో ఆ భవనాన్ని పడగొట్టారు, ఈ ఎర్ర ఇల్లు మిగిలింది.

లోపల గదులు ఇరుకే. మొదటి అంతస్తులో ఆ రాజు భార్య, రాణి షార్లెట్ గది దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. పదిహేను మంది పిల్లల్ని కన్న తల్లి ఆమె. 1818 జూలైలో ఆమెకు బాగా జబ్బు చేయడంతో ఇద్దరు కొడుకుల పెళ్లిళ్లు ఈ ఇంట్లోనే జరిపించారు. వాళ్లలో ఒకరి కూతురే, మరుసటి ఏడు పుట్టిన విక్టోరియా. 1818 నవంబరు 17న షార్లెట్ ఇక్కడే, కుర్చీలో కూర్చునే కన్నుమూసింది. నల్లటి కుర్చీ ఒకటి చూపిస్తారు. ఆ సమయానికి చూపు పోయి, విండ్సర్‌లో ఉన్న రాజుకు భార్య పోయిందన్న సంగతి కూడా తెలియదు. అక్క ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుంది.

పై అంతస్తులో రాకుమార్తెల గదులున్నాయి. బాగుచేసినప్పుడు వీటికి కొత్త రంగులు పూయలేదు, పెచ్చులూడిన గోడల్ని అలాగే వదిలేశారు. ఆ నిర్ణయం నాకెంతో నచ్చింది. ఆ అక్కాచెల్లెళ్లలో ఎలిజబెత్‌కు పెళ్లయ్యేసరికి నలభై ఏడేళ్లు. ఎన్ని సాయంత్రాలు ఈ కిటికీల దగ్గర గడిపిందో!

ఇంటి వెనక రాణి తోట పదిహేడో శతాబ్దపు తీరులో పెంచింది. పొదల్ని పొట్టిగా కత్తిరించి గళ్లుగా తీర్చారు, మధ్యలో ఔషధ మొక్కలు. ఒక్కో మొక్క దగ్గర అది ఏ జబ్బుకు పనికొస్తుందో పాత వైద్య గ్రంథాల మాటల్లోనే రాసిన పలక ఉంటుంది. అవన్నీ చదువుతుంటే సామర్లకోట గుర్తొచ్చింది. ఈ రాజు కాలంలోనే రాక్స్‌బర్గ్ అనే వృక్ష శాస్త్రవేత్త అక్కడ మొక్కల బొమ్మలు గీయించి లండన్‌కు పంపాడు, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు.

చివరగా వంటశాల. కాస్త దూరంలో విడిగా ఉంటుంది. షార్లెట్ పోయాక మూతపడి, 2012లోనే మళ్లీ తెరుచుకుంది. పెద్ద పొయ్యి, ఏళ్ల తరబడి వాడిన బల్ల. పనివాళ్లు వేడినీళ్లు అంత దూరం మోయక్కర్లేకుండా రాజు ఇక్కడికే వచ్చి స్నానం చేసేవాడట. ఇక్కడి ప్రదర్శనంతా 1789 ఫిబ్రవరి 6 అనే ఒక్క రోజు చుట్టూ అల్లారు. జబ్బు తగ్గుతోందని నమ్మకం కుదిరి, రాజు చేతికి కత్తీ ఫోర్కూ తిరిగి ఇచ్చిన రోజది.

అది చదివి అక్క బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. నాన్నకు పక్షవాతం వచ్చి, మూడు నెలల తర్వాత తన చేత్తో తాను అన్నం కలుపుకున్న రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ పప్పులో ఉప్పు వేయడం మర్చిపోయింది, నాన్న ఆ సంగతి చెప్పనేలేదు.

పామ్ హౌస్ చూడకుండానే సాయంత్రమైంది.