నిదరోస్ గోడల మీద ఉలి గుర్తులు

మెత్తరాయితో పెద్ద కట్టడం నిలవదని మా వృత్తిలో చాలామంది నమ్ముతారు. నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. గుంటూరులో నల్లపాడు రోడ్డు పక్కనున్న నా షెడ్డులో చెక్కేవి ఎక్కువగా సమాధి పలకలు, చర్చిల శంకుస్థాపన ఫలకాలు, అప్పుడప్పుడు ఒక బాప్తిస్మపు తొట్టి. వచ్చేవాళ్ళంతా అడిగేది చీమకుర్తి నల్ల గ్రానైటే. మెరుస్తుంది, వానకు తట్టుకుంటుంది, అక్షరం చెరగదు. కానీ ఆ రాయిలో ఒక ఆకు మెలికో, అంగీ ముడతో, ముసలివాడి నుదుటి గీతో తీయాలంటే ఉలి ఎంత మొరాయిస్తుందో పట్టినవాడికే తెలుసు.

నార్వేలో ట్రోండ్‌హైమ్ అనే నగరం ఉంది. అక్కడి నిదరోస్ కెథెడ్రల్‌ను బలపపు రాయితో కట్టారు. పిల్లలు పలక మీద రాసే బలపం, మన అమ్మమ్మలు పులుసు కాచిన రాచ్చిప్ప ఏ జాతి రాయో, ఇదీ ఆ జాతిదే. చాకుమొనతో గీస్తే గీత పడే రాయి. దానితో 102 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉన్న ఆలయాన్ని లేపారు. మా అమ్మాయి ఆ ఊళ్ళో చదువుకుంటోంది కాబట్టి ఒక వేసవిలో వెళ్ళి చూడగలిగాను. రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఉండే ఊరు. పడమటి ముఖం మీద అంతసేపూ ఎండ నిలిచి ఉంటుంది. రాతిపని చూడడానికి అంతకంటే మంచి వెలుతురు ఉండదు.

ఆ దేశంవాళ్ళకు ఈ రాయి కొత్త కాదు. క్రైస్తవం రాకముందే, వైకింగుల కాలంలోనే, ఈ రాతిని కొండలోంచి గుండ్రంగా చెక్కి తీసి వంటపాత్రలు చేసుకున్నారు. నిప్పు మీద పెట్టినా పగలని గుణం వాళ్ళకు పొయ్యి దగ్గరే తెలిసింది. ఆ గనులు, ఆ చేతివాటం ఉండబట్టే తరువాతి తరాలు దానితో స్తంభాలు, కమానులు, మనుషుల ముఖాలు చెక్కగలిగాయి. గోడల్లో పచ్చని పొరరాయి కూడా వాడారు. సన్నని స్తంభాలకు పాలరాయి తెచ్చారు. పాలరాయి అందంగానే ఉంటుంది, కానీ పెద్ద నిప్పు తగిలితే సున్నమైపోతుంది. ఈ ఆలయం ఎన్నిసార్లు తగలబడిందో తెలిస్తే బలపపు రాయి విలువ అర్థమవుతుంది: 1328, 1432, 1531, 1708, 1719.

అసలు ఆలయం అక్కడే ఎందుకు లేచిందంటే ఓలాఫ్ అనే రాజు వల్ల. 1030 జూలై 29న స్టిక్లెస్టాడ్ దగ్గర యుద్ధంలో ఆయన చనిపోయాడు. శవాన్ని రహస్యంగా తెచ్చి నిద్ నది ఒడ్డున ఇసుకలో పాతిపెట్టారు. మరుసటి ఏడాది తవ్వి చూస్తే శరీరం చెడలేదని, జుట్టూ గోళ్ళూ పెరిగాయని చెప్పుకున్నారు. బిషప్ గ్రిమ్‌కెల్ ఆయనను పరిశుద్ధుడిగా ప్రకటించాడు. ఆ సమాధి స్థలం మీదే 1070 ప్రాంతంలో ఓలాఫ్ కిర్రె అనే రాజు రాతి చర్చి మొదలుపెట్టాడు. యాత్రికులు పెరిగారు, కానుకలు పెరిగాయి. 1152-53లో నిదరోస్ (ట్రోండ్‌హైమ్ పాత పేరు అదే) ఆర్చిబిషప్ పీఠమైంది. నార్వే ఒక్కటే కాదు, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్, ఫారో దీవులు, స్కాట్లాండ్ చుట్టుపక్కల దీవులు కూడా దాని కిందికి వచ్చాయి. గ్రీన్‌లాండ్ మంచులో ఉన్న చిన్న చర్చికి పెద్దదిక్కు ఈ ఊరే.

ఇప్పుడు నిలిచివున్న వాటిలో పాతది అడ్డంగా చాచిన రెండు రెక్కల భాగం. గుండ్రని కమానులు, మందమైన గోడలు, కమాను అంచుల వెంట వంకీలు వంకీలుగా పళ్ళవరస. ఆ రెక్కలోని ఒక చిన్న ప్రార్థనాగదిలో 1161 నాటి శాసనం ఉంది. ఆర్చిబిషప్ ఎయ్‌స్టైన్ ఎర్లెన్‌సన్ తన పదవీకాలపు తొలి ఏట ఆ బలిపీఠాన్ని ప్రతిష్ఠించాడని అందులో ఉంది. శాసనాలు చెక్కి బతికేవాణ్ణి కాబట్టి దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. సుమారు 860 ఏళ్ళ నాటి అక్షరాలు ఇప్పటికీ చదువుకోవచ్చు, అదీ మెత్తరాయి మీద.

ఎయ్‌స్టైన్‌కు స్వెర్రె రాజుతో పడలేదు. 1180లో ఇంగ్లండుకు వెళ్ళిపోయి 1183 దాకా ఉన్నాడు. తిరిగి వచ్చాక ఆలయం తీరే మారిపోయింది. మొనదేలిన కమానులు, సన్నగా పైకి సాగే స్తంభాల గుత్తులు, ఆకులు విచ్చుకున్న తలకట్లు కనిపిస్తాయి. కాంటర్‌బరీ, లింకన్ ఆలయాల పనితనం తెలిసినవాళ్ళు నిదరోస్‌లో దాని ఛాయలు గుర్తుపడతారు. తూర్పు కొసన అష్టకోణం ఉంది. మధ్యలో ప్రధాన బలిపీఠం, ఒకప్పుడు దాని మీద ఓలాఫ్ అస్థికలున్న వెండి పేటిక, చుట్టూ నడవా. యాత్రికులు ఆ నడవాలో పేటిక చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకునేవారు. మా కుటుంబం గుంటూరు లూథరన్ సంఘంలోది. 1842లో మిషనరీ హేయర్ దొర వచ్చినప్పటినుంచి మన ఊళ్ళో ఉన్న సంఘం అది. మా చర్చిలో ప్రదక్షిణ ఉండదు. కానీ ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి కదా, ఆ నడవాలో అడుగుపెట్టగానే కాళ్ళు వాటంతట అవే చుట్టు తిరిగాయి. అష్టకోణానికి ఆనుకొని గోడలో ఒక బావి కూడా ఉంది. ఓలాఫ్‌ను పాతిన చోట ఊట పుట్టిందన్న నమ్మకానికి అది ఆనవాలు.

ఆ భాగంలో నన్ను కదలనివ్వనివి గోడరాళ్ళ మీది గుర్తులు. బాణం మొన, రెండు గీతల సిలువ, తిరగేసిన కొడవలి లాంటి వంపు, ఇలా ఎన్నో. ఏ రాయి ఎవరి పనో తెలియడానికి ఆనాటి రాతిపనివాళ్ళు పెట్టుకున్నవి. పేర్లు రాసుకోలేదు, గుర్తులు పెట్టారు. మా నాన్న కూడా తాను చెక్కిన పలక వెనకవైపు, సిమెంటులో కలిసిపోయే చోట, చిన్న చుక్కల త్రికోణం పెట్టేవారు. ఒకే గుర్తున్న రాళ్ళను వెతుక్కుంటూ గోడ వెంట నడిస్తే ఆ మనిషి పని తెలుస్తుంది. ఒకడు పళ్ళ ఉలిని ఎప్పుడూ ఎడమనుంచి కుడికి వాల్చి లాగాడు. ఇంకొకడు అంచు చదును చేశాక మధ్యభాగాన్ని గరుకుగానే వదిలేశాడు. తొందరలో చేసిందేదో, మనసుపెట్టి చేసిందేదో రాయి దాచదు.

పడమటి ముఖానికి 1248లో పునాది వేశారు. 1300 ప్రాంతానికి ఆలయం పూర్తయింది. ఆ తరువాతిదంతా నష్టాల కథ. 1531 అగ్నిప్రమాదంతో పడమటి సగం పైకప్పు లేని శిథిలమైంది. ఆరేళ్ళకే, 1537లో, మతసంస్కరణ అమలై దేశం కాథలిక్ నుంచి లూథరన్‌గా మారింది. చివరి ఆర్చిబిషప్ ఓలాఫ్ ఎంగెల్‌బ్రెక్ట్‌సన్ దేశం విడిచిపోయాడు. వెండి పేటికను కోపెన్‌హాగన్ తరలించి కరిగించేశారు. ఓలాఫ్ ఎముకలను 1560లలో ఆలయంలోనే ఎక్కడో మళ్ళీ పాతిపెట్టారు. ఎక్కడో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నేను లూథరన్‌నే. అయినా వందల ఏళ్ళ కంసాలి పనిని నాణేల కోసం కరిగించారని చదివినప్పుడు బాధ కలిగింది. ఆ నష్టాన్ని విశ్వాసం పేరుతో సమర్థించడం నావల్ల కాదు. మూడు వందల ఏళ్ళకు పైగా జనం తూర్పు భాగంలోనే ఆరాధన చేసుకున్నారు. మిగతా సగం మీద వానలు కురిశాయి.

పునరుద్ధరణ 1869లో మొదలైంది. అధికారికంగా ముగిసింది 2001లో. షిర్మర్ అనే వాస్తుశిల్పి ప్రారంభించాడు. 1872లో క్రిస్టియన్ క్రిస్టీ చేపట్టి 1906లో చనిపోయేదాకా చేశాడు. తరువాత ఓలాఫ్ నూర్‌హాగెన్, ఆయన తరువాత హెల్గె థీస్ వచ్చారు. 1906లో కొత్త రాజు ఏడవ హోకోన్ పట్టాభిషేకం ఇక్కడే జరిగింది. స్టిక్లెస్టాడ్ యుద్ధానికి 900 ఏళ్ళు నిండిన 1930 నాటికి పడమటి సగానికి మళ్ళీ కప్పు పడింది. గాబ్రియెల్ కీలాన్ చేసిన గుండ్రని రంగుటద్దాల కిటికీ ఆ ఏటిదే. లోపల రాయి ముదురు బూడిదరంగు కాబట్టి ఆ నీలం, ఆ ఎరుపు చాలా లోతుగా కనిపిస్తాయి. తెల్లని గోడలుంటే ఆ రంగులకు అంత బలం ఉండేది కాదు.

అందరికంటే కష్టం పడమటి ముఖానిది. కింది భాగమూ కొన్ని పాత శిల్పాలూ తప్ప ఏమీ మిగల్లేదు. ఆధారంగా చేతిలో ఉన్నది 1661లో యాకోబ్ మాస్కియస్ చెక్కిన ఒక ముద్రాచిత్రం. అందులోనూ అప్పటికి నిలిచివున్న కింది వరసలే ఉన్నాయి. పైభాగం ఎలా ఉండాలన్నదాని మీద దశాబ్దాలు వాదులాడుకున్నారు. మాకోడీ లున్ అనే ఆయన పాత కొలతల్లో స్వర్ణ నిష్పత్తి ఉందని, దాన్ని పట్టుకుని మిగతాది లెక్కగట్టవచ్చని పోరాడాడు. దేశం రెండు పక్షాలుగా చీలింది. చివరికి నూర్‌హాగెన్, థీస్‌ల నమూనాల మీద కట్టారు. ముఖం 1960ల చివర పూర్తయింది. శిల్పాల వరసలు నిండేసరికి 1983 వచ్చింది.

ఇది మధ్యయుగపుది కాదు కదా, నకలు కదా అని కొందరంటారు. నేను అలా చూడను. కొత్త శిల్పాలు చెక్కినవాళ్ళు పాతవాటిని దగ్గరపెట్టుకుని చూసి నేర్చుకున్నారు, కానీ తమ కాలపు మనుషులనే చెక్కారు. గుస్తావ్ వీగెలాన్ ఓస్లో ఉద్యానవనంలోని శిల్పాలతో ప్రసిద్ధుడు కావడానికి ముందు, 1890ల చివర, ఇక్కడే పనిచేశాడు. వాయవ్య గోపురం కొసన, సాతానుతో పోరాడే ప్రధాన దూత మిఖాయేలు విగ్రహం ఉంది. దాన్ని చేసిన క్రిస్టోఫర్ లైర్‌డాల్, వియత్నాం యుద్ధం జరుగుతున్న ఆ రోజుల్లో, దూతకు యుద్ధాన్ని ఎదిరించే గొంతుగా పేరుపడ్డ గాయకుడు బాబ్ డిలన్ ముఖం ఇచ్చానని తరువాత చెప్పాడు. నాకది సరైన పనిగానే తోచింది. కింద నిలబడినవాడికి ఆ ముఖం కనిపించదు. చెక్కినవాడు మాత్రం తన కాలంలో సాతానుతో ఎవరు పోరాడుతున్నారనుకున్నాడో వాళ్ళ ముఖమే పెట్టాడు.

1869లో పెట్టిన కార్ఖానా ఇప్పటికీ ఉంది. రాతిపనివాళ్ళు, వడ్రంగులు, కమ్మరులు, అద్దాలు బిగించేవాళ్ళు ఒకే చోట పనిచేస్తారు. ఉలులు అక్కడి కొలిమిలోనే సాగదీసుకుంటారు. పాత రాయి మీద ఏ ఉలి ఏ కోణంలో తగిలిందో చదివి, కొత్త రాయిని అదే ఉలితో అదే తీరులో చెక్కుతారు. క్రిస్టీ కాలంలో మార్చిన భాగాలే ఇప్పుడు మళ్ళీ మరమ్మతుకు వచ్చాయి. అక్కడి పెద్దమేస్త్రి ఒకరు నా చేతులు చూసి ఏదో అడిగారు. “నాన్నా, నువ్వూ రాతిపనివాడివేనా అంటున్నారు” అంది మా అమ్మాయి. అవునన్నాను. ఒక ఉలి, చెక్కతో చేసిన గుండ్రని సుత్తి చేతికిచ్చి, పారేసే ముక్క ఒకటి ముందు పెట్టారు. గ్రానైటుకు అలవాటుపడ్డ చేతికి ఆ రాయి ఎంత మృదువుగా లొంగిందో చెప్పలేను. అంత సులువుగా లొంగే రాయిలో అంచు నిటారుగా నిలపడానికి ఎంత నిగ్రహం కావాలో కూడా అప్పుడే తెలిసింది. పక్కన పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు పని నేర్చుకుంటున్నారు.

అక్కడ నిలబడితే అమరావతి గుర్తుకురాకుండా ఎలా ఉంటుంది? గుంటూరునుంచి బస్సులో గంట ప్రయాణం. అక్కడి బౌద్ధ మహాస్తూపానికి పలనాటి సున్నపురాతి పలకల మీద చేసింది ప్రపంచం మెచ్చిన పని. 1797లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేనాటికే కొత్త ఊరి కట్టడాల కోసం దిబ్బ తవ్వి ఇటుకలూ పలకలూ పట్టుకుపోతున్నారు. కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి, అక్కడినుంచి ఎన్నో లండన్ వెళ్ళాయి. నిదరోస్‌వాళ్ళకు ఆధారం ఒక్క ముద్రాచిత్రం. మనకు అంతకంటే ఎంతో గొప్ప ఆధారం ఉంది. స్తూపం చెక్కిన శిల్పులే దాని పలకల మీద స్తూపం బొమ్మను చెక్కి పెట్టారు: అండం (గుండ్రని గుమ్మటం), ప్రాకారం, నాలుగు దిక్కులా ముందుకు నిలిచే ఆయక స్తంభాలు, కొలిచేవాళ్ళు, పైన ఎగిరే దేవతలు. చెన్నై మ్యూజియంలో ఆ పలకల ముందు నిలబడి చూశాను.

మహాస్తూపాన్ని మళ్ళీ కట్టమని నేను అడగడం లేదు. అడిగేది ఒక కార్ఖానా. మాచర్ల దగ్గర దుర్గిలో మెత్తని సున్నపురాతిని చెక్కే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళను అమరావతికి పిలిచి, పాత పలకల ముందు కూర్చోబెట్టి, ఏ ఉలి ఎలా నడిచిందో చదివించాలి. ఏటా కొందరు పిల్లలకు జీతమిచ్చి నేర్పించాలి. నిదరోస్ కోసం నార్వే 132 ఏళ్ళు డబ్బు పెట్టింది, ఇంకా పెడుతోంది. దాని ఫలితం పడమటి ముఖం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ కొలిమి దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళు కూడా దాని ఫలితమే.

ట్రోండ్‌హైమ్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. పడమటి ముఖం ముందు ఫొటో దిగి వెళ్ళిపోకండి. లోపలికి వెళ్ళి ముందు అడ్డరెక్కలు చూడండి, తరువాత అష్టకోణం చుట్టు తిరగండి. లోపల చీకటిగా ఉంటుంది, ఫోను లైటును గోడకు పక్కనుంచి వాల్చి పట్టుకుంటే రాతిపనివాళ్ళ గుర్తులు తేలి కనిపిస్తాయి. అక్కడి సిబ్బందిని ముందు అడగండి, గోడను తాకవద్దు. పక్కనే ఉన్న ఆర్చిబిషప్ భవనంలోని మ్యూజియంలో అసలు మధ్యయుగపు శిల్పాలున్నాయి, వాటిని చూశాక బయటికి వచ్చి కొత్తవాటితో పోల్చండి. ఏ గుర్తు ఎన్ని రాళ్ళ మీద కనిపించిందో రాసుకుంటే నాకు పంపండి. నేను గీసుకున్న గుర్తుల పుస్తకంలో ఉత్తరపు గోడ ఇంకా ఖాళీగానే ఉంది.