మొసలికి తెలుసా?

నా చిన్ననాటి క్లాస్‌మేట్లూ, ఒకటి, రెండు తరగతుల్లో మనకు కథలు చెప్పిన టీచరమ్మ చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండేది కాదు. నారాయణగూడ చౌరస్తా హారన్లన్నీ కిటికీలోంచి లోపలికి వచ్చేవి. అయినా ఆవిడ గొంతు పెంచేవారు కాదు, ఇంకా తగ్గించేవారు. వినపడక మనమే ముందుకు జరిగేవాళ్లం.

ఆవిడ క్లాసులో ఒక్కటే రూలు. కథలో ఎవరినీ మంచివాడు, చెడ్డవాడు అనకూడదు. ఎందుకు అలా చేశాడో చెప్పాలి.

పంచతంత్రంలోని కోతి, మొసలి కథ గుర్తుందా? నీళ్ల మధ్యలోకి వెళ్లాక, తన భార్య కోతి గుండె తినాలనుకుంటోందని మొసలి బయటపెడుతుంది. కోతి తడుముకోకుండా, "ముందే చెప్పొద్దూ! గుండెను నేరేడుచెట్టు మీదే వదిలేసి వచ్చానే" అంటుంది. మనమంతా "అబద్ధం, అబద్ధం" అని అరిచేవాళ్లం. టీచరమ్మ అక్కడ ఆగేవారు. "మీకు తెలుసు సరే. మొసలికి తెలుసా?"

సగం క్లాసు "తెలుసు" అనేది. మనకు తెలిసింది అంత పెద్ద మొసలికి తెలియదా అని ధీమా. "తెలిస్తే వెనక్కెందుకు తిరిగింది?" అనేవారు. అప్పుడు పడేది నిశ్శబ్దం.

తర్వాతెప్పుడో బి.ఎడ్.లో, విమర్, పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1983లో ప్రచురించిన ప్రయోగం గురించి చదివాను. మాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి బయటికి వెళ్తాడు. వాడు లేనప్పుడు వాళ్లమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. వాడు వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. మాక్సీకి ఆ సంగతి తెలియదు కదా అన్న ఊహ నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మెల్లగా వస్తుంది. పరీక్షలో మాక్సీ పక్కన మన మొసలిని కూడా రాశాను. మార్కులు మాక్సీ ఒక్కడికే పడ్డట్టున్నాయి.

అసలు సందడి ఏడు చేపల కథప్పుడు. టీచరమ్మ తన కుర్చీ ఖాళీ చేసి, ఒక్కొక్కరిని గడ్డిమోపుగా, ఆవుగా, అవ్వగా, చీమగా కూర్చోబెట్టేవారు. మిగతావాళ్లం ప్రశ్నలు వేయాలి. అవ్వ బువ్వ ఎందుకు పెట్టలేదంటే, అవ్వగా కూర్చున్నవాడు "పొద్దుగాల్లకెళ్లి పని జేస్తున్న బిడ్డా, పోరడు ఏడుస్తుంటె ఎట్ల పెట్టాలె?" అన్నాడు. అది అచ్చం వాళ్ల నానమ్మ గొంతు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి చీమైతే, "మేరే ఘర్‌మే ఉంగ్లీ డాలే తో నై కాటూఁ క్యా?" అని మన మీదే విరుచుకుపడింది. పుస్తకం భాషలో చెప్పమని టీచరమ్మ ఎవరినీ ఆపలేదు. పక్క క్లాసులో ఆ మాటకే బెత్తం లేచేది.

ఒకడు కథ తిరిగి చెబుతూ చీమ చేత సారీ చెప్పించాడు. క్లాసంతా ఒక్కసారే "చీమ అట్లనదు!" అంది. మార్చినందుకు ఆవిడ వాణ్ని ఏమీ అనలేదు. "మరి సారీ చెప్పాలంటే చీమకు ఏం జరగాలి?" అని అడిగారు. ఆ పీరియడ్‌లో ఇంక కథ ముందుకు సాగలేదు.

ఆవిడ చిన్నప్పుడు రేడియోలో బాలానందం వినేవారట. రేడియో అన్నయ్య, అక్కయ్యగా పిల్లలకు తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి గార్ల కార్యక్రమం అది. "ముఖం కనపడదు కదా, గొంతులోనే మనిషి కనపడాలి" అనేవారు. ఇప్పుడు ఫోన్‌లో పిల్లలు చూసే కథల్లో కోపమొస్తే ముఖం ఎర్రబడుతుంది, చెవుల్లోంచి పొగ కూడా వస్తుంది. ఇక పిల్లలు ఊహించడానికి ఏం మిగిలింది? నాది పాతకాలపు గొణుగుడు అనుకున్నా ఫరవాలేదు.

ఆవిడ కథలేవీ కాగితం మీద పెట్టలేదు. మొసలి భార్య కుర్చీలో కూర్చున్నప్పుడు ఏమని వాదించిందో నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. గుర్తున్నవాళ్లు ఫోన్‌లో రికార్డ్ చేసి, మన పాత విద్యార్థుల సమ్మేళనానికి వచ్చేటప్పుడు తీసుకురండి.